వినే మంచం

ఆ దేశానికి వచ్చి ఏడాది నిండనివారికి ఆరోగ్య బీమా వర్తించదు. మంజీర, శ్రీకర్ వచ్చి ఆరు నెలలే అయింది. అక్కడి ఆసుపత్రుల్లో పురిటి మంచాలు గదిలోని గొంతులు వింటాయి. అరుపు పెరిగినకొద్దీ సేవ పెంచుతాయి, రుసుమూ పెంచుతాయి. అందుకే శ్రీకర్ భార్య నోటికి తువ్వాలు అందించాడు.

"అరవకే మంజీ, మంచం వింటది," అన్నాడు గుసగుసగా.

"కనేది నేను. నువ్వే కంటుంటే ఈపాటికి దవాఖాన మొత్తం కొన్నంత బిల్లయ్యేది," అని ఆమె తువ్వాలు కొరికిపట్టింది.

నొప్పులు ముదిరినా మంచం ఆకుపచ్చగానే వెలుగుతూ ఉంది. అరుపు లేదు గనుక నొప్పి లేదనుకుంది. నొప్పి లేదు గనుక మంత్రసానిని పిలవలేదు. చివరికి బిడ్డ శ్రీకర్ చేతుల్లోకే జారింది. ఒళ్లంతా నీలంగా ఉంది. ఏడవలేదు.

పొద్దుటినుంచీ అతడు కోరుకున్న నిశ్శబ్దమే గదినిండా పరుచుకుంది.

"ఏడువ్ బిడ్డా, ఏడువ్! ఎంతయినా కడతా!" అని గొంతు చిరిగేలా అరిచాడు.

మంచం ఎర్రగా వెలిగింది. నర్సులు పరుగెత్తుకొచ్చి బిడ్డ నోరు తుడిచారు, వీపు రుద్దారు. పాప కెవ్వుమంది.

గోడమీది తెర, ఇంకా పేరు లేని ఆ కొత్త రోగికి వెంటనే బిల్లు ఖాతా తెరిచింది.

"ఇంకా గట్టిగా, నా తల్లీ," అంది మంజీర, తువ్వాలు విసిరేస్తూ.