మంగళవారం సంచి

మంగళవారం. ప్లాస్టిక్ చెత్త బండి వచ్చే రోజు.

మినెకో ఆఫీసుకని మెట్లు దిగేసరికి, కింది వాటా ముసలామె కువబారా, కాకులు పీకకుండా చెత్త సంచుల మీద కప్పిన వల ఎత్తి, ఎవరిదో సంచి విప్పి కెలుకుతోంది.

సంచి మీద వాటా నంబరు 304 అని రాసుంది. అంటే తమదే!

"ఏం పనండీ ఇది? మా చెత్తలో మీకేం కావాలి?"

ముసలామె ఉలిక్కిపడింది. చేతిలో మాత్రల రేకు. మినెకో దాన్ని లాక్కుని, చూడనైనా చూడకుండా సంచిలో కుక్కేసింది.

నలుగురూ పోగయ్యారు.

"చెత్త వేరు చేసి వేశారో లేదో చూసే పని మీకిచ్చాం గానీ, ఇళ్ల గుట్లు లాగమన్నామా?" అన్నాడు పై వాటా ఆయన.

"అది కాదమ్మాయ్... కాస్త పక్కకి రా, ఒక్క మాట" అంది కువబారా.

"మీతో నాకు మాటలేంటి!"

మినెకోకి ఒళ్లు మండిపోయింది. తమ్ముడు హిరోయాకి స్కిజోఫ్రీనియా అని ఆరేళ్లుగా ఈ బిల్డింగులో ఎవరికీ తెలియనివ్వలేదు. ఇక ఈవిడ ఊరంతా టముకు వెయ్యదూ?

ఆ సాయంత్రమే బిల్డింగు సంఘంలో ఫిర్యాదు చేసింది. కువబారా నడుం వంచి అందరికీ క్షమాపణ చెప్పి, వలా చీపురూ అప్పగించేసింది.

"రేకులు ఇక చెత్తలో వెయ్యకు. కాగితంలో చుట్టి నాకివ్వు. స్టేషన్ దగ్గర పడేస్తా" అంది మినెకో తమ్ముడితో.

"అలాగే అక్కా."

మర్నాడు బెల్లు మోగింది.

"అమ్మాయ్, మీ తమ్ముడి గురించి..."

"మా ఇంటి సంగతి మీకెందుకండీ? వెళ్లండి!"

తలుపు పిడికి బిస్కెట్ల పెట్టె తగిలించి వెళ్లిపోయిందామె. క్షమాపణకి తెచ్చి ఉంటుంది. మినెకో దాన్ని విప్పకుండానే తీసుకెళ్లి ఆమె గుమ్మంలో పెట్టేసి వచ్చింది. తగిన శాస్తి అనుకుంది కూడా.

హిరోయా కర్టెన్లు తియ్యడం మానేశాడు. కుళాయి నీళ్లు తాగడం మానేశాడు.

"మందు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నానక్కా. పొట్లం ఇచ్చాగా."

ఇచ్చాడు. మినెకో విప్పి చూడలేదు.

ఆ మంగళవారానికి పదిహేనో రోజున హిరోయా ఇంటికి రాలేదు. తెల్లారి నది గట్టున, మంచులో దొరికాడు. కాళ్లకి చెప్పుల్లేవు. కోటు జేబులో ఇంకా అక్కకివ్వని మూడు పొట్లాలు, ఒక్క మాత్రా తియ్యని రేకులతో.

అస్థికలు ఇంటికొచ్చిన రోజు కువబారా వచ్చింది. అదే పెట్టె.

"అప్పుడు తీసుకోలేదు. ఇప్పుడైనా అబ్బాయి ఫొటో ముందు పెట్టమ్మా."

ఈసారి మినెకో కాదనలేకపోయింది. పెట్టె విప్పింది. బిస్కెట్ల పైనే ఒక చీటీ. రెండేళ్ల కిందటి తారీఖు. తమ్ముడి చేతిరాత.

"కువబారా గారూ, మంచిగా ఉన్నప్పుడే అడుగుతున్నాను, మళ్లీ తిరగబెడితే నేను మందు మానేసి అక్కకి అబద్ధం చెబుతాను, అందుకని ప్రతి మంగళవారం దయచేసి మా సంచి విప్పి చూడండి."