ఆకుపచ్చ వచ్చేదాకా

తెర మీద పైపు వంపు దగ్గర మళ్ళీ ఎర్రగా వెలిగింది.

“ఎరుపేనా?” అని అరిచారు చీఫ్ ఇంజనీరు గారు.

“ఎరుపే, బావా!” అని అంతకంటే గట్టిగా అరిచాడు కంప్యూటరు ముందు కూర్చున్న బావమరిది.

“ఆఫీసులో సార్ అను!”

ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక్క బల్లే. అయినా ఈ వారమంతా ఆ ఆఫీసులో అందరూ ఇలాగే గొంతు చించుకుంటున్నారు. చీఫ్ గారైతే రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని మరీ అరుస్తున్నారు.

సాయంత్రం కమిటీ వస్తోంది. బాయిలరు నుంచి యంత్రాలకు ఆవిరి మోసే పైపు ఇది. ఒత్తిడికి తట్టుకునే పైపేనని ఆలోగా రిపోర్టు తయారవ్వాలి. కాదని తేలితే డిజైన్ చేసిన బావమరిది ఉద్యోగం పోతుంది. సంతకం పెట్టిన బావగారి ఉద్యోగమూ పోతుంది. ఉద్యోగం పోతే పోయింది, ఇంటికెళ్ళి భార్యకు జవాబు చెప్పడం చీఫ్ గారి వల్ల అయ్యే పని కాదు. తమ్ముణ్ణి ఈ కుర్చీలో కూర్చోబెట్టించింది ఆవిడే.

“పొద్దున ఆకుపచ్చ వచ్చిందన్నావుగా?”

చీఫ్ గారికి అంకెలతో పరిచయం తెగిపోయి చాలా కాలమైంది. ఇప్పుడంతా రంగులతోనే వ్యవహారం.

“అది పాత పద్ధతిలో సార్. వంపు దగ్గర ఒత్తిడి ఎంత పెరుగుతుందో పాతది ఒకలా లెక్కేస్తుంది, కొత్తది ఇంకోలా. పైపు అదే, ఆవిరి అదే, జవాబే వేరు.”

“మరి పాతదే ఇచ్చి పారెయ్!”

“కమిటీ కొత్తదే కావాలంది.”

చీఫ్ గారు కొత్త పద్ధతి కనిపెట్టినవాణ్ణీ, వాడి వంశాన్నీ కాసేపు దుమ్మెత్తిపోశారు. తర్వాత కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు.

“అందులో మనం మార్చుకోవడానికి ఏమీ ఉండదా?”

“బోలెడున్నాయి. పైపు మందం కొత్తలో ఉన్నంతా తీసుకోవచ్చు, లేదా తుప్పు తినగా మిగిలింది తీసుకోవచ్చు. ఇప్పుడు రెండోదే పెట్టాను.”

“తుప్పు మాట ఎవరెత్తమన్నారు నిన్ను?”

తుప్పు వదిలింది. ఎరుపు కాస్తా నారింజ రంగులోకి దిగింది.

“ఇంకా?”

“పైపు వేడెక్కి సాగినప్పుడు కింద ఆధారాల మీద రాసుకుంటుంది కదా సార్, ఆ రాపిడి కూడా కలిసింది.”

“రాసుకోదు. నేను చెబుతున్నాగా, రాసుకోదు!”

అంతలో అటెండరు తలుపు తోసుకుని వచ్చాడు.

“సార్, బాయిలరు ఆపరేటరు గారి భార్య పొద్దుటి నుంచీ కిందే కూర్చున్నారు.”

“ఉండమను. లెక్క తేలకుండా ఆవిడకేం చెప్పను?”

కిటికీకి అద్దం బదులు అంటించిన అట్ట ఊడి గాలికి కొట్టుకుంటోంది. అటెండరు దాన్ని అరచేత్తో అదిమి వెళ్ళిపోయాడు.

బావమరిది రాపిడి పక్కనున్న టిక్కు తీసేసి మీట నొక్కాడు. తెర కాసేపు ఆలోచించింది. ఆ తర్వాత ఈ కొస నుంచి ఆ కొస దాకా పైపు పచ్చగా నవనవలాడింది.

“బావా!”

ఈసారి చీఫ్ గారు సార్ అనమనలేదు. కళ్ళు చెమర్చాయి కూడా.

“మీ అక్క నిన్ను ఊరికే వెనకేసుకు రాలేదురా!” అన్నారు.

రిపోర్టు అచ్చయింది. సంతకం పడింది, ముద్ర పడింది. “నూరేళ్ళు చల్లగా ఉంటుంది,” అని చీఫ్ గారు పైపును దీవించి, కింద కూర్చున్న ఆవిణ్ణి పైకి పంపమని కేకేశారు.

ఆవిడ వచ్చి బల్ల ముందు నిలబడగానే రిపోర్టు ఆవిడ వైపు తిప్పి, ఆ వారంలో మొదటిసారి గొంతు తగ్గించి అన్నారు: “చూడమ్మా, మొన్న పేలి మీ ఆయన్ని ఆసుపత్రిపాలు చేసిన ఈ పైపు, లెక్క ప్రకారం అసలు పేలనే లేదు.”