చిందులుగాడి ఆకలి

ఒక మడుగులో కప్పలకి ఏటా గెంతుల పందెం. అందరికంటే దూరం దూకినవాడికి వానాకాలమంతా నడిమి బండ మీద కూర్చుని పాడే హక్కు. చిందులు అనే కుర్రకప్పకి ఆ బండంటే ప్రాణం. కానీ ఏం లాభం? కీచురాయి కూత పెట్టగానే అందరూ గాల్లోకి లేస్తే, మనవాడి నాలుక మాత్రం దారిన పోయే ఈగ మీదికి లేస్తుంది. ఈ ఏడు ఒక్కొక్కరికీ ఉన్న మూడు గెంతుల్లో రెండు అలాగే పోయాయి. ఇక మిగిలింది ఒక్కటే.

"ఏరా, మళ్లీ భోజనాలేనా?" అంది పక్కనున్న గోదురుకప్ప.

చిందులు కాలు నిలవక అటూ ఇటూ కదులుతూ, ఒడ్డునున్న ముసలి తాబేలు వైపు చూశాడు. "ఆకలేస్తోంది తాతా."

"పొద్దుట్నుంచీ మింగుతూనే ఉన్నావు కదరా. అది ఆకలేనా?"

"భయం తాతా."

"అలా చెప్పు. అయితే దాన్ని వెంటబెట్టుకునే దూకు. అదేమంత బరువుండదులే."

కీచురాయి కూసింది. సరిగ్గా ముక్కు ముందే ఒక ఈగ గింగిరాలు కొట్టింది. నోట్లో నాలుక గిలగిల్లాడింది. చిందులు దవడలు బిగించి దూకాడు.

అందరికంటే దూరంగా గోదురుకప్ప వాలిన తామరాకుని కూడా దాటి, దాని అవతలి ఆకు మీద పడ్డాడు. మడుగంతా బెకబెకమంది. చిందులు ఇంకా వణుకుతూనే ఒడ్డుకేసి తిరిగి కేకేశాడు.

"తాతా, భయం కూడా ఇక్కడిదాకా దూకేసింది."