రెండో తుమ్ము

బుల్లెమ్మ సంచి సర్దుతోంది. రెండు చీరలు, బీపీ మాత్రలు, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఆధార్ కార్డు. అన్నిటికన్నా పైన కొడుకు చొక్కాలు రెండు, మడత చెదరకుండా.

బయట గాలి రేకుల్ని లేపుతోంది. సాయంత్రానికి తుఫాను తీరం దాటుతుందన్నారు. గిలకలదిండిలో ఆ వీధిని ఖాళీ చేయించడానికి వచ్చిన బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. రోడ్డు మీద నీళ్ళు మోకాలి లోతు దాటితే ఇక ఆ బస్సు కదలదు. ఇంకో బస్సు రాదు.

అప్పుడే అందరి ఫోనుల్లోనూ దుర్గారావు గొంతు మోగింది.

"అమ్మా, అక్కా, బావా! నీళ్ళొచ్చేత్తన్నాయి. వలలూ బుట్టలూ వదిలెయ్యండి. బస్సెక్కి హైస్కూలుకాడికి వచ్చెయ్యండి. బతికుంటే బలుసాకైనా తినొచ్చు. హాచ్!"

దుర్గారావు బుల్లెమ్మ కొడుకు. ఆ మాటల్ని వీధికి పంపింది 'తీరం తోడు' అనే జట్టు. జట్టులో ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. హిమబిందుది గుడివాడ, జయకృష్ణది బందరు, వినీలది అవనిగడ్డ. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, తుఫాను వచ్చినప్పుడల్లా ఫోనుల్లో జనం అడిగేవాటికి జవాబులు చెబుతారు. పుకార్లని తుంచుతారు. కానీ దుర్గారావు గొంతు వినిపిస్తే తప్ప ఈ వీధి కదలదని వాళ్ళకి తెలుసు.

ఇప్పుడు ఆ గొంతుకే వీధి ఆగిపోయింది.

బస్సు మెట్టు మీద పెట్టిన కాలు గంగన్న కిందికి దించేశాడు. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము! అందరూ ఇళ్ళలోకి వెళ్ళి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ వచ్చారు. ఈలోగా ఎవరో ఆ మాటల్నే చేపల వేలం గ్రూపులో పెట్టారు. మళ్ళీ తుమ్ము. మళ్ళీ మంచినీళ్ళు. ఆ తర్వాత పదో తరగతి బ్యాచ్ గ్రూపు.

గుడివాడ నుంచి వచ్చిన డ్రైవరు జకరయ్య నెత్తి బాదుకున్నాడు.

"సముద్రం వచ్చేలోగా మీరే నీళ్ళు తాగి మునిగేట్టున్నారు! ఆ తుమ్మినోణ్ణి పిలవండి. నా ఎదురుగా ఇంకోసారి సరిగ్గా చెప్పమనండి."

వీధంతా అతని వంక చూసింది. ఎవరూ ఎవర్నీ పిలవలేదు.

గంగన్న జట్టుకి రాశాడు: "తుమ్ము వల్ల ఆగిపోయాం. ఏం చెయ్యమంటారు?"

జట్టు దగ్గర ప్రతి పుకారుకీ జవాబు తయారుగా ఉంది. తుమ్ముకి లేదు.

"మూఢనమ్మకాలు వద్దని పోస్టు పెడదామా?" అని అడిగింది వినీల. ఆమె జట్టులో చేరింది ఆ ఉదయమే.

"పెట్టమ్మా. వాళ్ళు చదవడం అయ్యేసరికి పీకల్దాకా వస్తాయి నీళ్ళు" అన్నాడు జయకృష్ణ.

"పోనీ ఆయన్నే మళ్ళీ చెప్పమనొచ్చుగా?"

సరిగ్గా అప్పుడే, బందరు బస్టాండులో మొసలి టికెట్టు కౌంటరు దగ్గర నిలబడిందని ఫొటో వచ్చి పడింది. అందరూ మొసలి మీద పడ్డారు.

చివరికి హిమబిందు తుమ్మును కోసేసి, మిగతా మాటలు పంపింది. వీధి హమ్మయ్య అనుకుని బస్సెక్కింది. బుల్లెమ్మ మాత్రం గుమ్మంలో చతికిలబడింది.

"ఇది నా కొడుకు మాట కాదు."

"గొంతు వాడిదేగా వదినా!" అన్నాడు గంగన్న.

"ఐసు ఫ్యాక్టరీలో చేరిన కాణ్ణించీ వాడు తుమ్మకుండా నాలుగు మాటలు ఎప్పుడన్నా మాట్టాడాడా? ఎవరో కోసేశారు. కోసి అతికించినయ్యి నమ్మొద్దని ఆ జట్టోళ్ళే కదా చెప్పింది! నేను రాను."

నిజమే. ఆ పోస్టు పెట్టింది హిమబిందే. దానికి చప్పట్ల బొమ్మలు కూడా బాగా వచ్చాయి.

"వదిన ఎక్కకపోతే నేనూ ఎక్కను" అని గంగన్న దిగాడు. అతని వెనకే వీధంతా దిగింది. ఆ సంగతీ గంగన్నే జట్టుకి రాశాడు. నీళ్ళు బస్సు టైర్లని తాకాయి. జకరయ్య స్టీరింగు మీద తల పెట్టుకుని ప్రార్థన మొదలెట్టాడు.

జయకృష్ణ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. చాలాసేపు ఏదో రాస్తూ, చెరిపేస్తూ, చివరికి పెట్టాడు: "ఒక తుమ్మయితే ఆగాలి. రెండయితే వెళ్ళొచ్చు. మా ఇంట్లో అంతే. దయచేసి ఎవరూ స్క్రీన్‌షాట్ తియ్యొద్దు."

హిమబిందు కోసిన తుమ్మును వెతికి తెచ్చి, ఈసారి రెండుసార్లు అతికించింది.

"...బలుసాకైనా తినొచ్చు. హాచ్! హాచ్!"

"జంట తుమ్ములు!" అని వీధి అరిచింది. చంకల్లో పిల్లల్నీ కోళ్ళనీ ఇరికించుకుని పరుగెత్తింది.

బుల్లెమ్మ ఫోనుని చెవికి ఆనించుకుంది. "నూరేళ్ళు నాయనా" అంది మొదటి తుమ్ముకి. రెండోదానికి సంచి పట్టుకుని లేచి నిలబడింది.

"గంగన్నా, ఇన్నావా? ఇంకోటి తుమ్మాడు!"

"ఇన్నాను వదినా. ఎక్కు."

ఎక్కింది. బస్సు నీళ్ళు చిమ్ముకుంటూ కదిలింది.

చీకటి పడేసరికి వీధి మొత్తం హైస్కూల్లో పులిహోర తింటోంది. అందరం చేరామని గంగన్న జట్టుకి రాశాడు.

"దుర్గారావు గారిని కూడా ఇక ఇంటికెళ్ళి పడుకోమనండి. పాపం, అరిచి అరిచి గొంతు పోయుంటుంది" అని పెట్టింది వినీల.

ఆ మాటల్ని పోయిన ఏడాది కార్తీక పౌర్ణమి ముందురోజు తుఫానులో ఫోనులోకి చెప్పి, తాడు తెగిన పడవ కోసం రేవుకి వెళ్ళిన దుర్గారావు మళ్ళీ రాలేదు.