మొలవకపోతేనే ఫోన్ చెయ్యి

"గింజని నిలబెట్టావా, పడుకోబెట్టావా?" అవతలి నుంచి విత్తనాలావిడ గట్టిగా అడిగింది.

"నిలబెట్టానమ్మా. మొన కిందికి పెట్టాను, మీరు చెప్పినట్టే" అన్నాడతను.

"మరి మొలవకపోవడమేంటి? నా గింజలకి ఇంతవరకూ మాట రాలేదు."

అతను నసిగాడు. తన చేతి మహిమేమో అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. మట్టి ఎక్కడిది, ఎండ ఎంతసేపు పడుతుంది, నీళ్లు పోస్తున్నావా ముంచుతున్నావా అని ఆరా తీసింది. చివరికి ఇంకో పొట్లం పంపిస్తానంది.

"ఇంతకీ భోంచేశావా?"

"చేశానమ్మా."

అప్పటికింకా పొయ్యి వెలిగించలేదు.

కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీయడం అతని పని. కూర్చునేది వెనక గదిలో, యంత్రం ముందు. ముందు గదిలో జనం మాటలు వినిపిస్తాయి గానీ ఏమంటున్నారో తెలియదు. యజమాని నంబర్లు రాసిన చీటీ చిన్న కిటికీలోంచి అందిస్తాడు. అద్దాలు తయారయ్యాక ఇతను అదే కిటికీలోంచి తిరిగిస్తాడు. సాయంత్రం దాకా నోరు విప్పాల్సిన అవసరం రాదు. ఇంటికొస్తే రెండో అంతస్తులో ఒక్క గది, దాని పైన డాబా. వయసులో పెళ్లి కుదరలేదు. ఆ తర్వాత కుదిర్చేవాళ్లు లేకపోయారు.

అతను అడిగి తెప్పించుకున్నవి సొర గింజలు. ఆ రకం సొర అతని అమ్మమ్మ పెరట్లో ఉండేది. పొడుగాటి మెడ, ఒళ్లంతా తెల్ల చుక్కలు. ఇప్పుడు ఏ బజారులోనూ కనబడదు. ఎవరో ఈ విత్తనాలావిడ నంబరిచ్చారు. సైన్సు టీచరుగా రిటైరై, పాతరకం కూరగాయల విత్తనాలు పోకుండా కాపాడుతోందట. అమ్మదు. అడిగినవాళ్లకి పోస్టులో పంపుతుంది. కాయ ఎండాక గుప్పెడు గింజలు తిరిగి పంపాలి, అంతే షరతు.

"ఇంకో సంగతి. మొలిస్తే చెప్పక్కర్లేదు. మొలవకపోతేనే ఫోన్ చెయ్యి" అని మొదటిరోజే చెప్పేసింది. "కబుర్లకి నాకు తీరిక లేదు బాబూ."

ఏమాటకామాట, ఫోనులో మాత్రం బాగానే తీరిక చేసుకునేది. రెండో పొట్లం గురించి ఫోన్ చేసినప్పుడు చీమలు ఎత్తుకుపోయాయేమో చూడమంది. మూడోసారి, నీ కుండీలకే దిష్టి తగిలిందని నవ్వింది. మాటల్లో మాటగా తన మోచేతి నొప్పి, పక్కింటి పిల్లి ఆగడాలు చెప్పుకొచ్చింది. భోంచేశావా అని అడగకుండా ఒక్కసారీ ఫోన్ పెట్టెయ్యలేదు.

ప్రతి పొట్లానికీ అతను కొత్త కుండీలు కొని డాబా మీదికి మోశాడు. పొద్దున్నే దుకాణానికి వెళ్లే ముందు బకెట్లతో నీళ్లు మోసేవాడు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని కింది వాటా ఆవిడ, ఆ చప్పుడు విని, పైన ఏనుగుని గానీ పెంచుతున్నావా తమ్ముడూ అని ఆటపట్టించేది. అప్పుడప్పుడూ అతను ఆవిడ గుమ్మానికి కూరగాయల సంచీ తగిలించి పోయేవాడు. బజారులో ఎక్కువ కొన్నానక్కా అనేవాడు. ఒక్క ప్రాణానికి అంతెందుకు కొంటావని ఆవిడ కేకలేసేది.

నాలుగోసారి ఫోన్ చేసినప్పుడు విత్తనాలావిడ ఆరాలేవీ తీయలేదు.

"ఈ రకం ఇంకో ముగ్గురికి ఇచ్చాను" అంది. "ఒకళ్లకి వానకి కుళ్లిపోయింది. ఒకళ్లది మేక మేసేసింది. మూడో ఆవిడ ఫోనే ఎత్తదు. నా డబ్బాలో అయిదు గింజలు మిగిలాయి బాబూ. నీ దగ్గర కూడా మొలవకపోతే ఇక ఈ సొర లేనట్టే."

ఆవిడ గొంతు ఎప్పుడూ అలా లేదు.

"అమ్మా, మీకొక మాట చెప్పాలి..."

"నువ్వేం బాధపడకు. ఆదివారం నేనే వస్తాను. ఆ అయిదూ నా చేత్తోనే పెడతాను. మీ డాబా కూడా చూసినట్టుంటుంది."

అతను గది నాలుగు మూలలూ చూశాడు.

"మా ఇంటికా?"

"ఏం, రాకూడదా?"

"అయ్యో, రండమ్మా" అన్నాడు.

ఆ వారమంతా అతను మనిషిలా లేడు. కుర్చీ ఒకటే ఉందని ఇంకోటి కొన్నాడు. కప్పు కూడా ఒకటే ఉంది, ఇంకోటి కొన్నాడు. గోడలు దులిపాడు. కుర్చీ మోసుకుని మెట్లెక్కుతుంటే కింది వాటా ఆవిడ, చుట్టాలా తమ్ముడూ అని అడిగింది. అవునక్కా అన్నాడు. ఆ మాట అని ఎన్నేళ్లయిందో అతనికే గుర్తు లేదు.

విత్తనాలావిడ మధ్యాహ్నం బస్సుకి వస్తానంది. ఆదివారం పొద్దున్నే లేచి గది మళ్లీ ఒకసారి తుడిచాడు. రెండు కుర్చీలూ ఎదురెదురుగా వేశాడు, కాస్త దూరం జరిపాడు, మళ్లీ దగ్గరికి లాగాడు.

తర్వాత కత్తెర తీసుకుని డాబా ఎక్కి, పిట్టగోడ నాలుగువైపులా అల్లుకుని తెల్లచుక్కల కాయలతో వేలాడుతున్న సొరతీగల్ని ఒక్కొక్కటే మొదలంటా కోయడం మొదలుపెట్టాడు.