చెయ్యి వేసిన మనిషి

చెక్క చీలింది. మేకు వంకరపోయింది. సుత్తి వచ్చి బొటనవేలి మీద పడింది.

"అమ్మో!" అంటూ కోడలు చెయ్యి విదిలించుకుంది.

"బీరువా కొనలేనివాళ్ళంతా వడ్రంగులైపోతారటే?" అంది అత్తగారు మంచం మీంచి. ఆవిడ ఒళ్ళో పసివాడు ఆ మోతలోనే ఆదమరచి నిద్రపోతున్నాడు.

మేడ మీది ఆ గదిలోకి వాళ్ళు వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. గదిలో అలమర లేదు, అటక లేదు. మొన్నటి వానకు డాబా మీద నిలిచిన నీళ్ళు గుమ్మం దాటొచ్చి, నేల మీదున్న పిండి సంచి, బట్టల మూటలు నానిపోయాయి. బీరువా ధర అడిగి వెనక్కి తిరిగొచ్చారు.

అందుకే గోదాము వెనక పారేసిన చెక్కలు అడిగి తెచ్చుకుంది కోడలు. మూతల్లేని పెట్టెలు చేసి, కింది వాటికి పొట్టి కాళ్ళు పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చుకోవాలని ఆమె ఆశ. భర్త పనికి వెళ్ళగానే సుత్తి అందుకునేది.

తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఎవరో మనిషి. రేగిన జుట్టు, చింతనిప్పుల్లాంటి కళ్ళు.

"అమ్మా, మీరు..."

"గోదాము నుంచి వచ్చారా? ఈ చెక్కలు అడిగే తెచ్చుకున్నానండీ! వెనక్కి అడక్కండి, మీకు పుణ్యముంటుంది. మళ్ళీ వాన పడేలోపు ఈ పెట్టెలు కాకపోతే పిల్లాడికి పొడిబట్ట ఉండదు," గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

అతను తెరిచిన నోరు మూసుకున్నాడు. దండెం మీద ఇంకా ఆరని బుల్లి చొక్కాల వంక చూశాడు. వాచిన ఆమె వేలి వంక చూశాడు.

చెప్పులు విడిచి లోపలికొచ్చి, చెక్క పట్టుకున్నాడు.

"మీకు వడ్రంగం వచ్చా?"

"మేకు కొట్టడం కూడా రాదమ్మా. కానీ ఒకరు పట్టుకుని ఒకరు కొడితే తొందరగా అయిపోతుంది కదా!"

నిజంగానే పని చకచకా సాగింది.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. పేళ్ళు గుచ్చుకోకుండా గరుకు కాగితంతో అంచులు రుద్దాడు. ఎత్తుకోవడానికి వీలుగా పక్కలకు తాళ్ళు కట్టాడు.

"ఎక్కడుంటారు?" అని ఆమె అడిగితే, "ఇక్కడేనమ్మా," అని నోరంతా తెరిచి ఆవలించాడు.

మధ్యమధ్యలో చెక్క పట్టుకునే కునికిపాట్లు పడ్డాడు.

"పట్టపగలే మత్తు! తాగుబోతులా ఉన్నాడు," అత్తగారు గొణిగింది. "వెళ్ళాక సుత్తి ఉందో లేదో చూసుకో."

కోడలికీ ఆ అనుమానం లేకపోలేదు. కాస్త టీ ఇద్దామనుకుంది. చనువిచ్చినట్టవుతుందని మానుకుంది.

ఆఖరి పెట్టె అయ్యాక అతను దాన్ని తట్టి చూశాడు.

"ఇంకా కొట్టాల్సినవి ఏమైనా ఉన్నాయా అమ్మా?"

"లేవండీ. అన్నీ అయిపోయాయి."

"హమ్మయ్య!" అన్నాడు, ఆమెకన్నా ఎక్కువగా సంబరపడిపోతూ.

ఆ సాయంత్రమే కుండపోతగా వాన. నీళ్ళు గుమ్మం దాటొచ్చాయి. పెట్టెల కాళ్ళు తడిశాయి, అంతే. పైన నూలుపోగు తడవలేదు.

అత్తగారు పెట్టెలోంచి పొడి చొక్కా తీసి మనవడికి తొడిగింది. చాలాసేపు ఆ పెట్టె అంచును నిమురుతూ కూర్చుంది.

"తాగితే తాగాడు గానీ, బంగారంలాంటి మనిషే," అంది చివరికి. "రేపు ఎక్కడున్నా వెతికి పిలుచుకురా. టీ నేనే పెడతాను."

తెల్లారాక కోడలు మెట్లు దిగి, వాకిలి ఊడుస్తున్న ఇంటావిడకు అతని ఆనవాళ్ళు చెప్పింది.

"అతనా? ఇందాకే గది ఖాళీ చేసి వెళ్ళాడమ్మా. వేరే ఊళ్ళో పని దొరికిందట."

"ఏ గది?"

"సరిగ్గా మీ కిందదే."

"మా కిందా? ఒక్కసారైనా చూడలేదే!"

"ఎలా చూస్తావు? రాత్రంతా బేకరీలో పొయ్యి దగ్గర పని, నిద్రపోయేది పగలే," ఇంటావిడ చీపురు ఆపింది. "మొన్న ఆ సుత్తి మోత ఆపమని గట్టిగా చెప్పి వస్తానంటూ నా ముందే మేడెక్కాడు, చెప్పలేదా?"