వేరు కుంపటి

కూరల సంచితో సదాశివం మూడంతస్తులూ ఎక్కడా ఆగకుండా ఎక్కి వచ్చాడు. గుమ్మంలో ఉన్న మందాకిని అతని కృత్రిమ మోకాలి వంక అనుమానంగా చూసింది. ఊళ్లో సగం కృత్రిమ మోకాళ్లను నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఆమె, మరికొందరు ఔత్సాహికులు ఏళ్ల తరబడి రాశారు. దానితో నడిచే మోకాలైతే, నొప్పికి అతను రెండో అంతస్తులో ఆగి తీరాలి. మొన్ననే ఆ బృందంలోని రెహానా ఆ కోడ్‌నంతా తీసుకుని, సగం మందిని వెంటబెట్టుకుని వేరు కుంపటి పెట్టింది.

"మీరూ రెహానా వైపు వెళ్లిపోయారా?"

"వైపేమిటే? నొప్పెడుతోందంటే చూద్దాంలే అంటూ వచ్చావు. ఆ పిల్ల సరిచేసింది."

"నాతో ఒక్క మాట అనకూడదూ?"

"అంటే ఏడుస్తావని."

ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చని మొదట రాసింది తనే. ఆ ఎవరైనాలో భర్త ఉంటాడనుకోలేదు.

"ఇప్పుడు నొప్పి లేదా?"

"అసలు లేదే!" అతని ముఖం వెలిగిపోతోంది.

ఉందని అబద్ధమైనా ఆడి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.